టోక్యోకు వెళ్ళిన మా బర్రె సంగతులు

ఆ రోజుల్లో మా వైపు వాళ్ళకు ప్రపంచంలో ఉన్నవి మూడే ఊళ్ళు. ఒకటి మా ఊరు, రెండోది బొంబాయి, మూడోది దుబాయ్. అబుదాబిలో ఉన్నా, షార్జాలో ఉన్నా, చివరికి కువైట్‌లో ఉన్నా ఇంటి దగ్గర వాళ్ళ లెక్కలో అందరూ దుబాయ్‌లోనే ఉన్నట్టు. టోక్యో అనే నాలుగో ఊరు ఒకటుందని నాకు తెలిసింది ఎనభైల మొదట్లో, ఉమ్ అల్ క్వైన్‌లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఇనుప చువ్వలు వంచడం చేతకాక అరచేతుల నిండా బొబ్బలతో కూర్చున్నప్పుడు. ఒక ఊరి మొహం చూడకుండానే ఆ ఊరి ముందు నవ్వులపాలు కావచ్చునా అని మీరు అడగవచ్చు. (కావచ్చు. నేను అయ్యాను. అదే చెప్పబోతున్నాను.)

మా కంపెనీ జపాను వాళ్ళది. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు కడుతున్నారు. ఆ ఇసుకలో తెలుగువాళ్ళవి రెండు ముఠాలు. చువ్వలు వంచి కట్టే పని మాది, అందరమూ జగిత్యాల చుట్టుపక్కల వాళ్ళం. చెక్కపని గోదావరి వాళ్ళది. మా ముఠాకు పెద్ద మా మేనమామ. నన్ను అక్కడికి తీసుకొచ్చింది కూడా ఆయనే. మామ మాట్లాడగా నేను వినలేదు, అరవగా విన్నాను. పొద్దున లేస్తూనే పళ్ళపుల్ల మీద అరిచేవాడు, తర్వాత మా మీద. గోదావరి వాళ్ళ పెద్దను మేం 'ఆయ్ మేస్త్రి' అనేవాళ్ళం. ఆయన ఏ మాటకైనా ముందు "ఆయ్" అంటాడు, చివర "అండి" అంటాడు, మధ్యలో మనల్ని చక్కగా చిత్తు చేస్తాడు. ఒకరోజు నా చేతులు చూసి, "ఆయ్, మీ మేనల్లుడు గోరు చువ్వ వంచుతున్నారో, చువ్వే ఆయన్ని వంచుతుందో తెలీటం లేదండి" అన్నాడు. ఆ మాట మామకు ఎక్కడో తగిలింది.

ఆ సాయంత్రమే నన్ను పిలిచి, "అల్లుడా, నీ చేతులు పెన్ను పట్టేతందుకే పుట్టినయ్ రా, ఇనుము పట్టేతందుకు కాదు. వచ్చే నెల టికెట్ చేసి ఇంటికి పంపిస్త" అన్నాడు. నాకు కాళ్ళ కింద ఇసుక జారింది. ఎందుకంటే మా ఊళ్ళో ఒకాయన అలాగే దుబాయ్ వెళ్ళి ఏడాది తిరక్కుండా వచ్చేశాడు. వచ్చి పదేళ్ళయినా ఆయన్ని 'వాపస్' అనే పిలిచేవాళ్ళు. ఆయన పిల్లలు వాపస్ కొడుకు, వాపస్ బిడ్డ. బడిలో హాజరు తీసుకునే పంతులు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచాడు. నేను వెళితే మా ఊళ్ళో వాపస్‌లు ఇద్దరవుతారు. అప్పుడు ఆయన పెద్ద వాపస్, నేను చిన్న వాపస్.

నా అదృష్టమో దురదృష్టమో, సరిగ్గా ఆ వారమే టోపీ సాబ్ అన్నం తినే షెడ్డు ముందు ఒక పెట్టె వేలాడదీశాడు. టోపీ సాబ్ అంటే మా జపాను ఇంజినీరు. తలమీద హెల్మెట్ తియ్యగా ఎవరూ చూడలేదు. (స్నానం చేసేటప్పుడు తీస్తాడా లేదా అన్న దానిమీద మా షెడ్డులో రెండు పక్షాలుండేవి.) ఆ పెట్టెలో పనివాళ్ళు సూచనలు రాసి వెయ్యాలట. పని ఇంకా బాగా ఎలా జరుగుతుంది, ప్రమాదాలు ఎలా తగ్గుతాయి, ఎవరికి ఏది తోస్తే అది. ముఠాలకు పోటీ. మూడు నెలల్లో ఏ ముఠా ఎక్కువ చీటీలు వేస్తే ఆ ముఠా గెలిచినట్టు. గెలిచిన ముఠా చీటీల్లోంచి టోక్యో ఆఫీసు వాళ్ళు ఒక మంచి సూచన ఏరుతారు. ఆ మనిషిని విమానంలో టోక్యో తీసుకుపోయి వారం రోజులు ఊరంతా చూపిస్తారు. భాష సంగతేమిటని ఎవరో అడిగితే మలయాళీ టైమ్‌కీపర్ టోపీ సాబ్‌ని కనుక్కుని, "అప్నీ జబాన్ మే లిఖో, టోక్యో పఢ్ లేగా" అన్నాడు. ఎవరి భాషలో వాళ్ళు రాయండి, టోక్యో చదువుకుంటుంది అని. తెలుగు టోక్యో ఎలా చదువుకుంటుందో మాకు అర్థం కాలేదు. కానీ టేప్ రికార్డర్ చేసినవాళ్ళకు తెలుగు చదవడం ఒక లెక్కా అనుకున్నాం.

మామకు టోక్యో మీద ఆశ లేదు. ఆయ్ మేస్త్రి గెలవకూడదు, అంతే. అందుకని నన్ను పిలిచి, "నువ్వు గీ పోటీ గెలిపిస్తె ఈడ్నే ఉంటవ్. గెలువకుంటె సంచి సదురుకో. ఖలాస్" అన్నాడు. మా ముఠాలో పదో తరగతి దాకా చదివింది నేనొక్కణ్ణే. మొదటివారం నిజాయితీగా రాశాను. చువ్వలు ఎండలో కాలిపోతున్నాయి, మీద గోనెపట్టా కప్పండి అని. పరంజా మెట్టు ఒకటి ఊగుతోంది అని. పప్పులో చింతపండు వెయ్యండి అని. మావి పన్నెండయ్యాయి. పెట్టె పక్కన లెక్క చూపే బోర్డు మీద మాది ఎర్రగీత, వాళ్ళది నీలంగీత. నీలంగీత అప్పటికే నలభై దగ్గర ఉంది. ఎలాగా అని వాకబు చేస్తే, ఆయ్ మేస్త్రి ఒక సూచనను నాలుగు చేస్తున్నాడని తెలిసింది. తలుపుకు నూనె వెయ్యాలండి, ఒకటి. వేసిన నూనె కారితే తుడవాలండి, రెండు. తుడిచిన గుడ్డ ఉతకాలండి, మూడు. ఉతికిన గుడ్డ ఆరేయడానికి తాడు కట్టాలండి, నాలుగు.

మా బుర్ర అంత సన్నగా తెగదు. మామ రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. "తప్పులు దొరుకుతలేవంటె ఏందిర? మనమే చేస్తె దొరుకయా?" దాంతో మేం మధ్యాహ్నం ఒంటి చక్రం బండికి బోల్టు ఊడదీసి, సాయంత్రం 'బండికి బోల్టు బిగించవలెను' అని చీటీ వెయ్యడం మొదలుపెట్టాం. దారిలో రాళ్ళు పెట్టి, రాళ్ళు తియ్యమన్నాం. బాగానే సాగుతోంది అనుకునేలోపు గోదావరి వాళ్ళు పసిగట్టారు. మేం బోల్టు ఊడదీసి షెడ్డుకు వచ్చి కాగితం వెతుక్కునేలోపు వాళ్ళు ఆ బోల్టు మీద చీటీ వేసేసేవాళ్ళు. మామ వెళ్ళి గట్టిగా గొడవపడ్డాడు. "గది మా తప్పు! మేం కష్టపడి చేసినం! మీరెట్ల రాస్తరు?" దానికి ఆయ్ మేస్త్రి చేతులు కట్టుకుని, "ఆయ్, తప్పు మీదేనండి, కాదన్నామా? సూచన మాత్రం మాదండి" అన్నాడు. ఒకరోజు టోపీ సాబ్ తన ఆఫీసు తలుపు తియ్యబోతే తలుపు మొత్తం ఆయన చేతిలోకి వచ్చేసింది. ఆయన దాన్ని నెమ్మదిగా గోడకు ఆనించి, తలుపుకు వంగి దండం పెట్టి లోపలికి వెళ్ళాడు. మర్నాడు ఆ తలుపు మీద రెండు ముఠాల నుంచీ కలిపి పదిహేడు చీటీలు పడ్డాయి. దాంతో టైమ్‌కీపర్‌కి అనుమానం వచ్చి పనిముట్ల గదికి తాళం వేశాడు. పానా లేకపోతే తప్పు చెయ్యడం కష్టం. ఇంకో వారంలో పోటీ ముగుస్తుంది. మేం డెబ్బై చీటీలు వెనకబడి ఉన్నాం.

ఇక్కడ నా రెండో ఉద్యోగం గురించి చెప్పాలి. ప్రతి శుక్రవారం మా షెడ్డులో చదువు రానివాళ్ళందరికీ ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. వాళ్ళు చెప్పే వేగానికి నేరుగా మంచి కాగితం మీద రాస్తే కొట్టివేతలతో నిండిపోతుంది. పైగా సగం చెప్పాక "గది వద్దు, తీసెయ్" అంటారు. అందుకని ముందు చిత్తుకాగితం మీద రాసుకుని, చదివి వినిపించి, ఒప్పుకున్నాక ఎయిర్ మెయిల్ కాగితం మీదికి ఎక్కించేవాణ్ణి. ఆ చిత్తుకాగితాలు పారెయ్యకుండా నా పరుపు కింద పెట్టుకునేవాణ్ణి, ఎందుకంటే పరుపు పలచన. ఆఖరివారం దిగులుగా పడుకుంటే వీపుకు అవి తగిలాయి. లేచి లెక్కపెట్టాను. మూడు వందల పైనే ఉన్నాయి. తెలుగు చదివే నాథుడు టోక్యోలో ఎక్కడుంటాడు, వాళ్ళకు కావలసింది చీటీల సంఖ్యే కదా అనిపించింది. ఒక్కోదాని నెత్తిన 'సూచన' అని రాశాను. (ఆ ఒక్క మాట మూడు వందలసార్లు రాసి వేళ్ళు వాచాయి. చువ్వలు వంచినా అంత వాచలేదు.) మూడు విడతలుగా పెట్టెలో వేశాను.

ఎర్రగీత ఒక్కసారిగా లేచి బోర్డు దాటి, టోపీ సాబ్ అతికించిన కొత్త కాగితం కూడా దాటి, పైకప్పు దగ్గర ఆగింది. ఆయ్ మేస్త్రి దాన్ని తల పైకెత్తి చూసి, "ఆయ్, ఇన్ని తప్పులు మీకు ఎక్కడ దొరికాయండీ బాబూ?" అన్నాడు. మామ ఆరోజు ఎవరి మీదా అరవలేదు. నా భుజం మీద చెయ్యివేసి, "టోక్యోల చలి ఉంటదట. నా స్వెటరు తీస్కపో" అన్నాడు. చీటీలన్నీ మూటగట్టి విమానంలో టోక్యో పంపించారు. నేను స్వెటరు వేసుకుని చూసుకున్నాను. ఉమ్ అల్ క్వైన్ ఎండలో అది వేసుకుని అద్దం ముందు నిలబడినవాణ్ణి ఎవరైనా చూసివుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు.

రెండు నెలల తర్వాత టోక్యో నుంచి పెద్దమనుషులు వస్తున్నారన్నారు. పోటీ ఫలితం వాళ్ళే చెబుతారట. ఒక గురువారం పొద్దున్నే మమ్మల్నందరినీ వరసలుగా నిలబెట్టారు. నల్లకోట్లు వేసుకున్న ఐదుగురు దిగారు. వాళ్ళ వెనకాల సోడాబుడ్డి కళ్ళద్దాలతో పొట్టిగా ఒక ముసలాయన, చంకలో లావుపాటి ఫైలుతో దిగాడు. ఆయన మా ముందుకొచ్చి, చేతులు జోడించి, గొంతు సవరించుకుని ఇలా అన్నాడు. "ఆర్యులారా! నమస్కారము. నేను టోక్యో నగరమునందు ఇరువది యేండ్లుగా తెలుగు అభ్యసించుచున్నాను. తెలుగు మాటాడు మనుష్యులను కన్నులారా చూచుట నాకిదియే ప్రథమము."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మామ నా వైపు వంగి, "గీయన పురాణం చెప్తందుకు వచ్చిండా?" అని అడిగాడు. ముసలాయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు ఎవరితో మాట్లాడాలో తెలియక గోడతో మాట్లాడిన మనిషికి కంపెనీ వాళ్ళు మూడు వందల తెలుగు కాగితాలు ఇచ్చి చదవమన్నారు. ఆయన ఒక్కటీ వదల్లేదు. ఫైలు తెరిచి, వేలు తడిచేసుకుని మొదలుపెట్టాడు. "మహిషి యజమాని ఎవ్వరు? సాయంకాలమున పాలీయని మహిషి? అది ఈనినదా?"

మూడో వరసలో ఉన్న మా పొడుగు బావతో నేను మెల్లగా, "బావా, నీ బర్రె ముచ్చట అడుగుతుండు" అన్నాను. బావ నోరు తెరిచాడు. "నా బర్రె గాయనకెట్ల ఎర్క?" "గదంత తర్వాత చెప్త. ఈనిందా అంటుండు." "ఈనింది. ఆడదుడ్డె పుట్టిందని రాసిన్రు. చెప్పు." నేను చెప్పాను. ముసలాయన మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి జపాను భాషలో ఆ సంగతి చెప్పాడు. నల్లకోట్ల వాళ్ళు ఐదుగురూ చప్పట్లు కొట్టారు. టోపీ సాబ్ బావకు వంగి దండం పెట్టాడు. బావ కూడా వంగాడు.

తర్వాత తెలిసిందేమంటే, ఆ కాగితాలన్నిటినీ టోక్యోలో ఒక కమిటీ కూర్చుని నెలరోజులు చదివింది. ఇవన్నీ ప్రమాద నివారణ సూచనలే అయి ఉంటాయని నమ్మి, ప్రతిదానికీ జవాబు తయారుచేసింది. దూడ పుట్టిన వెంటనే దాని తలకు పసుపుపచ్చ శిరస్త్రాణము తొడగవలెనట. మా షెడ్డులో ఒకాయన తమ్ముడు పొలం గట్టు జరిపాడని రాయించుకున్నాడు, దానికి గట్టు పొడవునా పసుపు గీత గీసి, అడుగడుగునా హెచ్చరిక పలకలు నాటవలెనట. ఇంకొకాయన ఇంట్లో అత్తాకోడళ్ళు కొట్లాడుకుంటున్నారు. వారిరువురి నడుమ ఎల్లప్పుడు పది అడుగుల దూరము పాటింపవలెను. ముసలాయన ఒక్కోటీ గంభీరంగా చదువుతున్నాడు, నేను ఒక్కోటీ మా భాషలో చెబుతున్నాను. సంగతి ఎవరిదో వాడు ముందు ఉలిక్కిపడి తర్వాత నావైపు గుడ్లురుముతున్నాడు. గోదావరి వాళ్ళ వరసలు నవ్వలేక పొట్టలు పట్టుకున్నాయి. ఈ పూట ప్రాణాలతో బయటపడితే వాపస్‌గానైనా బతుకుదామని నేను తీర్మానించుకున్నాను.

అప్పుడాయన ఫైలు అడుగునుంచి ఒక కాగితం తీశాడు. దాన్ని తన భాషలోకి మార్చి చదివాడు. "పగలెల్ల అందరి మీద అరచుచుందును. అరవకున్న ఏడుపు వచ్చును. పరంజా మీద నిలిచినపుడు నీ ముఖము కనబడి కాలు తడబడుచున్నది. అన్నము సహించుట లేదు. ఈ సంగతి ఇచటివారికి తెలిసిన నా మాట వినరు. కావున నీవును ఎవ్వరితోను చెప్పకుము."

ఆ పురాణపు భాష అర్థం కాకపోయినా అరవడం అనే మాట అందరికీ అర్థమైంది. తలలన్నీ మామ వైపు తిరిగాయి. ఒక శుక్రవారం మామ షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ బయటికి తోలి, తలుపు వేసి, గోడ వైపు తిరిగి కూర్చుని అత్తకు రాయించిన ఉత్తరం అది. ఆ చిత్తుకాగితం కూడా ఆ కట్టలోనే పోయిందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. మామ మొహం ఎర్రగా అయింది. ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాను. అరవలేదు. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆయ్ మేస్త్రి వరసలోంచి ఒక అడుగు ముందుకు వేసి, "ఆయ్, మాదీ అదే పరిస్థితండి బాబూ. మేవు రాయించుకోలేదు, అంతేనండి" అన్నాడు.

ముసలాయన ఫైలు మూసి తీర్పు చెప్పాడు. మూడు వందల కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రమాద నివారణ సూచన ఇదే. నిద్రాహారాలు లేని మనిషి ఎత్తున నిలబడితే పడతాడు. కాబట్టి ప్రథమ బహుమతి దీనికే. టోక్యో ప్రయాణం వీరికే. నేను వంచిన తల ఎత్తి ఆ మాట మామకు చెప్పాను. మామ రుమాలు మళ్ళీ తలకు చుట్టుకుంటూ, "టోక్యోల మీ అత్త ఉన్నదార?" అన్నాడు. ఏం చెబుతున్నాడని ముసలాయన అడిగాడు. ఇక ఆయన భాషలోనే చెప్పక తప్పలేదు. "టోక్యో నగరమున తమ భార్య కలదా అని అడుగుచున్నారు" అన్నాను. ముసలాయన ఈ ప్రశ్నను కూడా శ్రద్ధగా పరిశీలించి, "లేదనియే తలంచుచున్నాను" అన్నాడు. "అయితె నాకెందుకు? గా టికెట్టేదో మా ఊరికి ఇయ్యమను" అన్నాడు మామ. నల్లకోట్ల వాళ్ళు కాసేపు గుసగుసలాడి ఒప్పుకున్నారు. అలా మా ముఠా పోటీ గెలిచింది, నన్ను ఇంటికి పంపిస్తానన్న మామే ఇంటికి బయలుదేరాడు. "గెలిచినమో ఓడినమో నాకైతె సమజ్ కాలె. నేను పోయి రెండు నెలల్ల వస్త. నువ్వుండు" అన్నాడు నాతో.

కారు ఎక్కే ముందు ముసలాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఈ అక్షరములు తమవే కదా?" అన్నాడు. తిడతాడనుకుని తల ఊపాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్ని కాగితములును చదివితిని. అందరి తల్లులను, అందరి భార్యలను ఎరుగుదును. మీ మాట ఒక్కటియు లేదు. మీకు తల్లి లేదా?" అని అడిగాడు. ఉంది అన్నాను. వచ్చి ఎనిమిది నెలలైంది. ఊరందరి ఉత్తరాలూ రాసినవాణ్ణి అమ్మకు ఒక్క ముక్క రాయలేదు. ఏమని రాయను? అందరూ చేస్తున్న పని నాకొక్కడికే రావడం లేదని రాయనా? వస్తే రాద్దామని ఆగాను. అది రాలేదు, నేను రాయలేదు.

ఆ శుక్రవారం చిత్తుకాగితం లేకుండా నేరుగా రాశాను. ఇనుము వంచడం నాకు చాతకావడం లేదమ్మా, నువ్వు దిగులుపడతావని దాచాను అని, ఆ రెండు ముక్కలే రాసి మామ చేతికిచ్చాను. మామ రెండు నెలల తర్వాత బుగ్గలు నిండి తిరిగొచ్చాడు, అమ్మ బడిపంతులు చేత రాయించిన జవాబు తెచ్చాడు. "కొడుకా, ఇంటికాడ బొక్కెనకు తాడు ముడెయ్యరాకపోయె నీకు. గాడ ఇనుము వంగుతదని నేను ఎన్నడనుకున్న? గీ ముచ్చటకు ఇన్ని నెలలు సప్పుడు చెయ్యకుంటవా?" అని ఉంది అందులో. షెడ్డు వెనకాల నిలబడి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నాలుగుసార్లు చదువుకున్నాను. ఇప్పుడు నా తల పూర్తిగా నెరిసింది. ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. అమ్మకు ఎప్పటినుంచో తెలిసిన సంగతిని అమ్మకు తెలియకుండా దాచడానికి పిచ్చివాడు ఎంత తంటాలు పడ్డాడో.